మాట్లాడకండి, విమానం నడుస్తోంది!

మా ఇల్లు మూసారాంబాగ్‌లో. మా కోస్తా చుట్టాలు ఎప్పుడొచ్చినా, "మూసారాం ఎవరండీ, ఎవరైనా రామభక్తుడా?" అని అడుగుతూంటారు. రాముడికీ ఆయనకీ ఏ సంబంధమూ లేదు. ఆయన ఒక ఫ్రెంచి దొర, పేరు మాన్సియర్ రేమాండ్. రెండో నిజాం అలీఖాన్ కొలువులో సేనాని. ఫిరంగులు పోత పోయించిన మనిషి; ఊళ్ళో గన్‌ఫౌండ్రీకి ఆ పేరు ఆయన పుణ్యమే. 1798లో పోయాడు. అస్మాన్‌గఢ్ గుట్టమీద సమాధి ఉంది. ఆ మాన్సియర్ రేమాండ్ అన్న రెండు మాటలూ మన నోళ్ళల్లో నాని నాని హిందువులకి మూసారాం అయ్యాయి, ముస్లిములకి మూసా రహీం అయ్యాయి. అన్నది ఒకటి, వినబడింది ఇంకొకటి. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ రాలేదు సరిగదా, ఒక పేటకి చక్కని పేరొచ్చింది.

అన్నదొకటీ విన్నదొకటీ అయితే అన్నిచోట్లా ఇలా నవ్వుకుని ఊరుకోవడానికి వీల్లేదని నాకు తెలిసింది ఈమధ్యనే.

కిందటేడు మా అమ్మాయి దగ్గరికి వెళ్తూ శంషాబాద్‌లో విమానం ఎక్కాను. తలుపులు వేశారు, బెల్టులు కట్టుకోమన్నారు. ఇక ఎగురుతుందని నేను ఆంజనేయ దండకం మొదలుపెడితే, అది కాస్తా నిండు చూలాలు నడిచినట్టు నేలమీద మెల్లిగా పోతూ, ఆగుతూ, మలుపు తిరుగుతూ, మళ్ళీ ఆగుతూ... దండకం రెండుసార్లు అయిపోయింది. అటుగా వెళ్తున్న ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచి, "ఇంకా ఎంతసేపో కాస్త లోపల పైలట్‌ని అడిగి చెప్పమ్మా" అన్నాను. ఆ పిల్ల నవ్వి, "ఇప్పుడు వాళ్ళతో మాట్లాడకూడదమ్మా" అంది.

ఎగిరేటప్పుడు మాట్లాడకూడదంటే అర్థముంది. నేలమీద నడిచేటప్పుడు కూడానా? మా వారు నయం, ముప్ఫై ఏళ్ళపాటు స్కూటరు మీద నాచేత బజారు లెక్కలన్నీ అప్పచెప్పించుకుంటూనే మూసారాంబాగ్ పాత వంతెన దాటించారు. ఇంటికి తిరిగొచ్చాక ఆ సంగతేమిటో చూద్దామని కూచున్నాను. చూశాక మాత్రం చాలాసేపు లేవలేకపోయాను.

లోకంలో విమాన ప్రమాదాలన్నిట్లోకీ ఎక్కువమంది ప్రాణాలు తీసినది ఆకాశంలో జరగలేదు. నేలమీదే జరిగింది. 1977 మార్చి 27, ఆదివారం. స్పెయిన్ వాళ్ళ కానరీ దీవుల్లో టెనెరీఫ్ అనే దీవి. పక్క దీవి విమానాశ్రయంలో పూలకొట్టు దగ్గర బాంబు పేలడంతో, అక్కడ దిగవలసిన విమానాలన్నిటినీ టెనెరీఫ్‌కి మళ్ళించారు. మన పెళ్ళివారింట్లో విడిది చాలక వసారాలో పక్కలు వేసినట్టు, ఆ చిన్న విమానాశ్రయంలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ విమానాలు నిలబెట్టారు. పక్కదారి మూసుకుపోయింది. అందుకని ఎగరవలసిన విమానాలు రన్‌వే మీదే ఈ చివరనుంచి ఆ చివరికి నడిచివెళ్ళి, అక్కడ వెనక్కి తిరిగి ఎగరాలి. ముందు కె.ఎల్.ఎం. వారి జంబో, దాని వెనకాల పాన్ అమెరికన్ వారి జంబో. రెండోదాన్ని మధ్యలో మూడో దారిలో పక్కకి తప్పుకోమన్నారు. ఈలోగా కొండల మీంచి మంచు మబ్బు దిగింది. టవర్‌లోవాళ్ళకి విమానాలు కనబడవు, విమానంలోవాళ్ళకి ఒకరికొకరు కనబడరు. నేలమీద విమానాలను చూపించే రాడార్ ఆ ఊళ్ళో లేదు. పాన్ అమెరికన్ ఆ మూడో దారి దాటి ముందుకొచ్చేసింది.

చివర తిరిగి నిలబడ్డ కె.ఎల్.ఎం. కెప్టెన్ సామాన్యుడు కాడు. ఆ కంపెనీలో మిగతా పైలట్లకి జంబో నడపడం నేర్పేవాడు. కంపెనీ ప్రకటనల్లో వేసే బొమ్మ ఆయనదే. డ్యూటీ వేళ మించిపోతుందన్న తొందరలో ఉన్నాడు. మేం ఎగరబోతున్నామో ఎగురుతున్నామో తెలియని మాటొకటి కో-పైలట్ రేడియోలో అన్నాడు. టవర్‌లో మనిషి "ఓకే" అని, ఆగండి, నేను పిలుస్తాను అన్నాడు. సరిగ్గా ఆ క్షణానే పాన్ అమెరికన్ వాళ్ళు, మేమింకా రన్‌వే మీదే ఉన్నాం బాబోయ్ అన్నారు. రేడియోలో ఇద్దరు ఒక్కసారే మాట్లాడితే ఏమవుతుంది? కీచుమని చప్పుడు. ఆ చప్పుడు వెనకాల అసలు మాటలు నలిగిపోయి, "ఓకే" ఒక్కటే శుభ్రంగా వినబడింది.

నన్ను పట్టుకుని వదలనిది మాత్రం ఆ తర్వాతి ముక్క. కె.ఎల్.ఎం.లో వెనక కూచున్న ఫ్లైట్ ఇంజనీరుకి అనుమానం వచ్చింది. ఆ పాన్ అమెరికన్ ఇంకా తప్పుకోలేదా అని అడిగాడు. తప్పుకున్నాడులే అని పెద్దాయన గట్టిగా అనేశాడు. ఇంజనీరు ఇక ఊరుకున్నాడు. కాసేపటికే రెండు జంబోలూ ఢీకొన్నాయి. 583 మంది పోయారు. కె.ఎల్.ఎం.లో ఒక్కరూ మిగల్లేదు. రెండోదాంట్లో 61 మంది బతికారు.

ఇంట్లో అయినా అంతే కదండీ! కాఫీలో పంచదార చాలలేదని ఎవరైనా అంటారు, పెద్దాయన చెక్కు మీద తారీఖు తప్పు వేస్తూంటే మాత్రం ఒకసారి అని, కసురుకుంటే ఊరుకుంటాం. నేను ఎన్నిసార్లు ఊరుకున్నానో లెక్కపెట్టుకోవాలంటేనే భయం వేసింది.

ఎయిర్‌హోస్టెస్ చెప్పిన నియమం మాత్రం టెనెరీఫ్ వల్ల వచ్చింది కాదు. 1974 సెప్టెంబరు 11న అమెరికాలో ఛార్లెట్ అనే ఊళ్ళో ఒక విమానం మంచులో దిగుతూ కూలి 72 మంది పోయారు. దిగుతున్నంతసేపూ పైలట్లు రాజకీయాలూ, పాతకార్ల బేరాలూ మాట్లాడుకున్నారని కాక్‌పిట్‌లో రికార్డు చేసే పెట్టె చెప్పింది. ఇలాంటివి మరికొన్ని చూశాక 1981లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసింది: విమానం పదివేల అడుగుల కిందున్నంతసేపూ, నేలమీద నడిచేటప్పుడు కూడా, పనికి సంబంధించని ముక్క ఒక్కటీ మాట్లాడరాదు. తర్వాత మిగతా దేశాలూ అదే పట్టాయి.

చట్టం వస్తే నోరు ఆగుతుందా? 1988 ఆగస్టు 31న డాలస్‌లో ఒక విమానం వరసలో నిలబడి మెల్లిగా కదులుతూంటే, పైలట్లూ ఎయిర్‌హోస్టెసూ కలిసి లోకాభిరామాయణం చెప్పుకున్నారు. మనం కూలితే ఈ పెట్టెలో మాటలన్నీ పత్రికలవాళ్ళు వింటారని వేళాకోళం కూడా ఆడుకున్నారు! ఆ కబుర్లలో పడి, ఎగిరే ముందు రెక్కలకి వెనకున్న ఫ్లాప్స్ దించడం మరిచిపోయారు. 14 మంది పోయారు.

2006 ఆగస్టు 27న లెక్సింగ్టన్‌లో జరిగింది మరీ అన్యాయం. ఇంకా తెల్లవారలేదు. చిన్న విమానం, అందులో 50 మంది. ఏడువేల అడుగుల రన్‌వే మీదికి వెళ్ళవలసినవాళ్ళు, నడుస్తూ తోటి ఉద్యోగుల కబుర్లు చెప్పుకుంటూ, దానికి ముందే వచ్చే మూడువేల అయిదువందల అడుగుల రన్‌వే ఎక్కేశారు. దాని దీపాలు వెలగడం లేదు. విచిత్రంగా ఉంది, దీపాలు లేవే అని కో-పైలట్ అననే అన్నాడు. ఔనన్నాడు కెప్టెన్. ఔననుకుని ఇద్దరూ ముందుకే పోయారు. టవర్‌లో ఉన్న ఒక్క మనిషీ అప్పటికే ఇటు తిరిగి లెక్కల కాగితాలు చూసుకుంటున్నాడు. 49 మంది పోయి, ఆ కో-పైలట్ ఒక్కడు మిగిలాడు.

మన బేగంపేట గుర్తొచ్చింది. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచేదాకా మనవాళ్ళందరూ ఎక్కింది అక్కడే. నిజాం ప్రభుత్వం 1945లో పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు అక్కణ్ణుంచే ఎగిరేవి. ఆ డకోటా తోక నేలకి ఆనించి, ముక్కు పైకెత్తి నడుస్తుంది. 1947లో లైసెన్సు తెచ్చుకున్న ప్రేమ్ మాథుర్‌ని, ఆడమనిషి నడిపితే ప్రయాణీకులు భయపడతారని మిగతా కంపెనీలు వద్దంటే, ఆ దక్కన్ ఎయిర్‌వేస్ కో-పైలట్‌గా తీసుకుంది. మనదేశంలో ఉద్యోగంగా విమానం నడిపిన మొదటి ఆడమనిషి ఆవిడే. 1949లో జాతీయ విమాన పందెం కూడా గెలిచింది. పక్క సీట్లో కెప్టెన్ పొరపడినప్పుడు ఆవిడ గట్టిగా చెప్పగలిగేదా, అని నాకో ఆలోచన. ఇప్పుడైతే చెప్పడం కూడా శిక్షణలో నేర్పుతున్నారు. చిన్నవాళ్ళు మొహమాటం లేకుండా ఎలా అడ్డు చెప్పాలో, పెద్దవాళ్ళు ఎలా వినాలో. టెనెరీఫ్ తర్వాత మాటనీ మార్చారు. 'టేకాఫ్' అన్న ముక్కని ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడూ, దాన్ని రద్దు చేసేటప్పుడూ తప్ప రేడియోలో ఎవరూ ఉత్తినే వాడకూడదు. మిగతా వేళల్లో 'డిపార్చర్' అంటారు.

ఇదంతా మా వారికి చెప్పాను. సాంతం విని, "అంటే బండి మీద నువ్వు మాట్లాడకూడదన్నమాట" అన్నారు.

"బజారు లెక్కలు అడగకూడదు మీరు," అన్నాను. "గుంట ఉందంటే మాత్రం వినాలి."

మొన్న దిల్‌సుఖ్‌నగర్ నుంచి వస్తూంటే మలుపులో లారీ కనబడి, "ఏమండీ, లారీ!" అన్నాను. "చూశాలే" అన్నారు. "చూస్తే ఆపండి" అన్నాను. ఆపారు.