తబీబు కంటే ముందు తద్బీరు

యూనానీ వైద్యం అనగానే మనలో చాలామందికి మాజూన్లు, ఖమీరాలు, షర్బత్తులు గుర్తుకు వస్తాయి. రోగం వచ్చిన తరువాతనే ఆ వైద్యంతో పని అని భావిస్తాం. కాని ఈ శాస్త్రానికి ఆధారమైన అరబీ గ్రంథాలు తెరిచి చూస్తే క్రమం వేరుగా కనిపిస్తుంది. ఇబ్నె సీనా (హి.శ. 370-428; క్రీ.శ. 980-1037) తన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్'లో వైద్యానికి రెండు లక్ష్యాలు చెప్పారు: ఉన్న ఆరోగ్యాన్ని కాపాడటం, పోయిన ఆరోగ్యాన్ని తిరిగి తేవటం. కాపాడటమే ముందు. దీనికే 'హిఫ్జె సెహత్' అని పేరు.

ఈ కాపాడే పని ఎవరు చేయాలి? మన పూర్వ వైద్యులు గ్రీకుల నుండి గ్రహించి, విస్తరించి చెప్పిన 'అస్బాబె సిత్తా జరూరియా'లో దీనికి జవాబు ఉంది. అవి ఆరు: గాలి, అన్నపానీయాలు, శరీరపు కదలిక, విశ్రాంతి, మనస్సు కదలిక, ప్రశాంతి, నిద్ర, మెలకువ, శరీరంలో నిలవవలసినవి నిలవటం, వెళ్లవలసినవి వెళ్లటం. 'జరూరీ' అంటే ముఖ్యమైనదని మనం సాధారణంగా అర్థం చేసుకుంటాం. అనువదించేటప్పుడు ఇక్కడే జాగ్రత్త అవసరం. ఈ చోట దాని అర్థం 'తప్పించుకోలేనిది'. మందు లేకుండా ఏళ్ల తరబడి బ్రతకవచ్చు. గాలి, తిండి, నిద్ర లేకుండా ఎవరు బ్రతకగలరు? ఈ ఆరూ తబీబు చేతిలో ఉండేవి కావు. ప్రతి దినం ప్రతి మనిషి తన ఇంట్లో తాను నడుపుకొనేవి.

ఆ నడుపుకోవటానికి వారు వాడిన మాట 'తద్బీర్'. గృహ నిర్వహణను 'తద్బీరె మంజిల్' అన్నవారే శరీర పోషణకూ అదే మాట వాడారు. ఇల్లు యజమాని చూసుకోకపోతే ఎలా పాడవుతుందో శరీరమూ అంతే. తఖ్దీర్ పేరు చెప్పి తద్బీర్‌ను వదలిపెట్టే అలవాటు మనలో ఉన్నది గనుక ఈ మాటను గుర్తు చేయవలసి వస్తున్నది.

ఈ జ్ఞానం వైద్యుల దగ్గరే ఉండిపోకూడదని తలచినవారూ ఉన్నారు. రయ్, బాగ్దాద్ ఆసుపత్రులకు అధిపతిగా పనిచేసిన అబూబక్ర్ రాజీ (క్రీ.శ. 865-925), వైద్యుడు అందుబాటులో లేనివారి కోసమే 'మన్ లా యహ్‌జురుహుత్తబీబ్' అనే పుస్తకం రాశారు. వంటింట్లో, బజారులో దొరికే వస్తువులతో ఏమి చేయవచ్చో అందులో తెలిపారు. క్రీ.శ. 11వ శతాబ్దంలో బాగ్దాదుకు చెందిన క్రైస్తవ వైద్యుడు ఇబ్నె బుత్లాన్ 'తఖ్వీముస్సిహ్హా'లో ఆరోగ్య నియమాలను పట్టికలుగా అమర్చారు. దీర్ఘమైన శాస్త్రచర్చ చదివే ఓపిక లేనివారు కూడా చూసుకొని ఆచరించాలని ఆయన ఉద్దేశం. 13వ శతాబ్దంలో అది లాటిన్‌లోకి వెళ్లింది; అక్కడి పేరులోనూ 'తఖ్వీమ్' అనే అరబీ మాటే 'తకుయినుమ్'గా నిలిచింది.

అయితే పుస్తకం ఉన్నంత మాత్రాన ఆరోగ్యం నిలుస్తుందా? ఇబ్నె సీనా జీవితాంతమే దీనికి జవాబు. ఆరోగ్య రక్షణకు వ్యాయామం, మితాహారం, నిద్ర మూడూ ప్రధానమని ఖానూన్‌లో రాసినది ఆయనే. ఆయన శిష్యుడు జూజ్జానీ గురువు పట్ల ఎంతో భక్తి గలవాడు. అయినా గురువు తన కోరికల విషయంలో మితం పాటించలేదని దాచకుండా రాశాడు. రాజు వెంట ప్రయాణంలో ఉండగా ఇబ్నె సీనాకు తీవ్రమైన కడుపునొప్పి వచ్చింది. సైన్యం కదిలితే వెనుకబడిపోతానన్న తొందరలో ఒకే రోజు ఎనిమిది సార్లు ఎనిమా తీసుకున్నారు. ప్రేగులు పుండ్లు పడ్డాయి. కొంత కోలుకున్నా పథ్యం పాటించలేదు. చివరకు 1037లో హమదాన్‌లో కన్నుమూశారు.

ఈ ఉదంతంలో రెండు పాఠాలున్నాయి. తెలిసినదాన్ని ఆచరించకపోవటం ఒక నష్టం. ఆచరించని ఏళ్ల బాకీని ఒక్క రోజులో మందుతో తీర్చుకోబోవటం మరింత నష్టం. స్వయంగా ఆరోగ్యం చూసుకోవటమంటే స్వయంగా మందులు మింగటమని పొరబడేవారు రెండవ దానిని ప్రత్యేకంగా గమనించాలి.

నాలుగు ఖిల్తుల సిద్ధాంతాన్ని నేటి వైద్యశాస్త్రం అంగీకరించదు. ఆ గ్రంథాల్లోని మందులన్నీ నేడు వాడదగినవీ కావు. కాని శుభ్రమైన గాలి, మితమైన తిండి, నడక, తగినంత నిద్ర, మనశ్శాంతి అనే ఆ పట్టికను నేటి వైద్యుడు కూడా కొట్టివేయడు.

హైదరాబాదులో ముహమ్మద్ ఖులీ ఖుతుబ్‌షా 1595లో దారుష్షిఫా కట్టించాడు. ఆ పేరు నేటికీ ఆ పేటకు నిలిచి ఉంది. దారుష్షిఫాను పాలకులు కట్టించగలరు. హిఫ్జె సెహత్‌కు చోటు మాత్రం మన ఇళ్లలోనే ఉంది: మన దస్తర్‌ఖాన్ మీద, మనం నిద్రించే వేళలో, ఫజ్ర్ తరువాత వేసే నాలుగు అడుగుల్లో. ఆరోగ్యం మనకు అప్పగించబడిన అమానత్. దాని లెక్క తబీబును కాదు, మనల్నే అడుగుతారు.