‘అడ్వర్సిటీ’, ప్రతికూలత, శ్రమ: ఒక పదపరిశీలన

ఆంగ్ల వ్యాఖ్యానములు చదివే సంఘకాపరులకు ‘అడ్వర్సిటీ’ అనే మాట తరచుగా ఎదురవుతుంది. దాని మూలం లాటిన్‌లోని ‘అడ్వెర్సుస్’. ‘అడ్’ అనగా వైపు, ‘వెర్తెరె’ అనగా తిరుగుట. మనకు ఎదురు తిరిగి నిలిచినది అని భావం. ప్రాచీన ఫ్రెంచి ద్వారా 13వ శతాబ్దంలో ఆంగ్లంలో స్థిరపడింది. నదికి ఎదురుగా, ఎగువకు పోవడాన్ని రోమీయులు ఈ మాటతోనే చెప్పేవారు.

మన ‘ప్రతికూలం’ కూడ నది దగ్గరిదే. సంస్కృతంలో ‘కూలం’ అంటే ఒడ్డు. ఒడ్డు వెంబడి పోయేది అనుకూలం, ఒడ్డుకు ఎదురైనది ప్రతికూలం. బ్యారేజీకి ఎగువన కృష్ణ ఒడ్డునే ఉన్న భవానీపురం వారికి ఈ అర్థం చెప్పడానికి నిఘంటువు అక్కరలేదు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్దకు 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అదే రోజుల్లో బుడమేరు విజయవాడను ముంచింది.

హెబ్రీ మూలం మాత్రం వేరు. సామెతలు 17:17, 24:10 వచనాల్లో కింగ్ జేమ్స్ అనువాదం ‘అడ్వర్సిటీ’ అన్నచోట హెబ్రీలో ఉన్నది ‘త్సారా’. దాని ధాతువుకు ఇరుకు అని అర్థం. మన వాడుకలో చెప్పాలంటే ఇరకాటం. ఈ ఒక్క మాటనే తెలుగు బైబిలు మొదటి వచనంలో దుర్దశ అని, రెండవదానిలో శ్రమ అని అన్నది. దుర్దశలో జ్యోతిష్యుల గ్రహదశ వాసన ఉంది. శ్రమ అంటే పొలం పనికి వెళ్లే విశ్వాసికి ముందు వినిపించేది కాయకష్టమే. కీర్తన 4:1లో అనువాదకులు ఇరుకు అనే వ్రాసి, దాని ఎదుట విశాలతను నిలిపారు. ఈ మూడింటిలో అదే ఉత్తమమని నా అభిప్రాయం.

ఈ భేదం చిన్నది కాదు. శ్రమ అని విన్నవాడు ఓర్చుకోవాలి అనుకుంటాడు, ఇరుకు అని విన్నవాడు బయటపడే దారి వెదకుతాడు. 1832-33 నందన కరువులో గుంటూరు ప్రాంతంలో జనం ఆకలితో చనిపోయారు. కృష్ణ నీటిని ఆ పొలాలకు మళ్లించే ఆనకట్ట అప్పటికి లేదు. బెజవాడ వద్ద దానిని 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తి చేశారు. ఆ జనానికి ఓర్పు తక్కువై కాదు, దారి లేక చనిపోయారు.

సామెతలు 24:10ని మనం సాధారణంగా ఓర్పును గూర్చిన వాక్యంగా బోధిస్తాము. హెబ్రీలో అక్కడ ఒక శ్లేష ఉంది: ఇరుకు దినాన క్రుంగినవాని బలం కూడ ఇరుకే. తెలుగులో ఆ శ్లేష నిలువలేదు. ప్రసంగాలు చాలావరకు ఆ వచనంతోనే ఆగిపోతాయి. దాని వెంటనే వచ్చే 11వ వచనం మాత్రం, చావుకు ఈడ్వబడుతున్న ఇతరులను తప్పించుమని ఆజ్ఞాపిస్తుంది.