ఖరక్ సింగ్ తలుపు, మన వాట్సాప్ బీగం

2018 ఎండాకాలం సెలవుల్లో మా అవ్వ మమ్మల్ని వీధిలోకి పోనిచ్చేది కాదు. అప్పుడు నేను మూడో తరగతి. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు ఉత్తరాది నుంచి వందలమంది దిగినారని, మన చుట్టుపక్కల ఊళ్ళలోనే తిరుగుతున్నారని ఫోన్లలో ఆడియోలు, ఫోటోలు వచ్చేవి. పెద్దవాళ్ళు ఒకరికొకరు చూపించుకుని, "జాగ్రత్త" అని ఇంకో పదిమందికి పంపేవారు. ఆ ఏప్రిల్ చివర్లో మన గుడియాత్తం దగ్గరే హిందీ మాట్లాడే ఒక మనిషిని జనం పిల్లల దొంగ అనుకుని కొట్టి చంపేసినారు. అతను ఎవరి బిడ్డనూ ఎత్తుకుపోలేదు. రెండు వారాలు తిరక్కుండానే, మే 9న, తిరువణ్ణామలై జిల్లా పోలూరు దగ్గర ఇంకొకటి జరిగింది. చెన్నై నుంచి కులదేవత గుడికని వచ్చిన ఒక కుటుంబం దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చింది. అంతమాత్రానికే వాళ్ళమీద పడి కొట్టినారు. వాళ్ళలో ఒక ముసలావిడ చనిపోయింది.

ఇవి చరిత్ర పుస్తకంలో లేవు. అయినా ఈ సంవత్సరం మా చరిత్ర సారు "మీ ఊరికి సంబంధించిన ఒక సంఘటన తీసుకోండి, అది దేశ చరిత్రలో ఎక్కడ కలుస్తుందో వెతకండి" అన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇదే. దానికి ముందు మా తరగతిలో ఒక చర్చ కూడా జరిగింది. పుకారును మొట్టమొదట పంపినవాడెవడో ప్రభుత్వం కనిపెట్టగలగాలా, వద్దా? నేను "కనిపెట్టాల్సిందే" అనే పక్షంలో మాట్లాడినాను. ఒక మనిషి ప్రాణం కంటే మన చాటింగు గొప్పదా అన్నాను. తప్పు చేయనివాడికి భయమెందుకు అన్నాను. అందరూ చప్పట్లు కొట్టినారు. సారు మాత్రం, "బాగానే మాట్లాడినావు. ఖరక్ సింగ్ కేసు చదివి వచ్చి మళ్ళీ మాట్లాడు" అన్నారు.

ఖరక్ సింగ్ ఉత్తరప్రదేశ్ మనిషి. 1941లో ఒక బందిపోటు దొంగతనం కేసులో పోలీసులు అతన్ని పట్టుకున్నారు. సాక్ష్యం లేక వదిలేసినారు. వదిలేసినారే గానీ మరచిపోలేదు. అతని పేరుమీద "హిస్టరీ షీటు" అని ఒకటి తెరిచినారు. అప్పటినుంచి అతను ఎక్కడికి పోతున్నాడు, ఎవరు వస్తున్నారు అని ఇంటి దగ్గర రహస్యంగా కాపలా. రాత్రిళ్ళు కానిస్టేబులు వచ్చి తలుపు కొట్టేవాడు, నిద్రలేపేవాడు, ఇంట్లో ఉన్నాడో లేడో చూసి పోయేవాడు. ఊరు దాటితే చెప్పాలి. స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగం వచ్చింది, తలుపు చప్పుడు మాత్రం ఆగలేదు. చివరికి అతను సుప్రీంకోర్టుకు పోయినాడు. 1962 డిసెంబరు 18న ఆరుగురు జడ్జీలు తీర్పు చెప్పినారు.

అధికసంఖ్య తీర్పు రాసింది జస్టిస్ రాజగోపాల అయ్యంగార్. రాత్రిపూట ఇంటికి వచ్చి తలుపు కొట్టడం చెల్లదని ఆ తీర్పు కూడా చెప్పింది. అంతవరకు ఖరక్ సింగ్ గెలిచినట్టే. కానీ మిగతా నిఘాకు అడ్డం చెప్పలేదు. ఎందుకంటే, మన రాజ్యాంగంలో వ్యక్తిగత గోప్యత అనే హక్కు ఎక్కడా లేదు అన్నారు. నలుగురు ఆ పక్షం. ఇద్దరు ఒప్పుకోలేదు. ఒకరు జస్టిస్ షా. ఆ ఇద్దరి మాటగా వేరే తీర్పు రాసినవారు జస్టిస్ కోకా సుబ్బారావు.

ఇక్కడ నేను చదవడం ఆపి ఆయన ఎవరా అని వెతికినాను. 1902లో రాజమండ్రిలో పుట్టినారు. మదరాసులో లా చదివి, అక్కడే ప్లీడరుగా పేరు తెచ్చుకుని, మద్రాసు హైకోర్టు జడ్జీ అయినారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. తరువాత 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి కూడా అయినారు.

ఆయన వాదం నాకు అర్థమైనంతలో చెప్తాను. ఒక మనిషి వెనకాల ఎప్పుడూ ఒక నీడ ఉంటే, కాళ్ళకు సంకెళ్ళు లేకపోయినా అతను స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదు. ఎవరితో మాట్లాడాలన్నా వెనక్కి తిరిగి చూసుకుంటాడు. కాబట్టి గోప్యత అనే మాట రాజ్యాంగంలో అచ్చు వేసి లేకపోయినా, వ్యక్తి స్వేచ్ఛలో అది ఒక ముఖ్యమైన భాగం. తలుపు కొట్టడం ఒక్కటే కాదు, ఆ నిఘా నిబంధన మొత్తం చెల్లదు.

ఈ కథలో మన రాయవేలూరు పేరు కూడా ఒక మలుపులో తగులుతుంది. 1941లో, అంటే ఖరక్ సింగును పట్టుకున్న ఏడాదే, వేలూరు జైలునుంచి ఏ.కె. గోపాలన్ అనే కమ్యూనిస్టు నాయకుడు తప్పించుకుపోయినాడు. అదే గోపాలన్‌ను స్వతంత్ర భారతంలో కూడా విచారణ లేకుండా నిర్బంధించినారు. ఆయన వేసిన కేసులో 1950లో సుప్రీంకోర్టు ప్రాథమిక హక్కుల్ని ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క పెట్టెలో పెట్టి మూతవేసినట్టు చూసింది. ఒక హక్కు ఇంకో హక్కుకు తోడు రాదు. ఖరక్ సింగ్ కేసులో నలుగురు జడ్జీల ఆలోచన మీద ఆ పాత తీర్పు ప్రభావం ఉంది. సుబ్బారావు గారు మాత్రం హక్కులు ఒకదాంట్లోకి ఒకటి అల్లుకుని ఉంటాయి అన్నారు. మాది నేత కుటుంబం కాబట్టి ఈ మాట నాకు సులభంగా ఎక్కింది. పడుగు, పేక వేరువేరుగా ఉంచితే అది నూలు, లుంగీ కాదు.

కోర్టు భాషలో దీన్ని "మైనారిటీ తీర్పు" అంటారు. మన బడి బోర్డుమీద కూడా ఆ మాట ఉంది కదా అని నేను నవ్వుకున్నాను. మైనారిటీ తీర్పు చట్టం కాదు, ఎవరినీ కట్టిపడేయదు. కానీ పుస్తకంలో ఉండిపోతుంది. తరువాత వచ్చినవాళ్ళు చదువుకుంటారు.

నిజంగానే చదువుకున్నారు. 1994లో మన తమిళనాడు కేసే ఒకటి వచ్చింది. మరణశిక్ష పడిన ఆటో శంకర్ రాసిన ఆత్మకథను నక్కీరన్ పత్రిక వేయబోతే అధికారులు అడ్డుకున్నారు. ఆ కేసులో జస్టిస్ జీవన్ రెడ్డి, మనిషికి తన మానాన తాను ఉండే హక్కు ఉంది అన్నారు. అదే సమయంలో, ప్రభుత్వం ముందుగానే పత్రిక నోరు మూయకూడదు అనీ చెప్పినారు. పది సంవత్సరాల తరువాత ఆంధ్రప్రదేశ్ స్టాంపుల చట్టం సవరణమీద కెనరా బ్యాంకు కేసు. బ్యాంకులో పెట్టిన కాగితాలు కూడా మన సొంతమే, ఎవరు పడితే వాళ్ళు తెరిచి చూడకూడదు అని తీర్పు. 2015లో, ఆన్‌లైన్‌లో రాసినందుకు జైల్లో పెట్టే 66ఏ సెక్షన్‌ను కొట్టేసిన ఇద్దరిలో ఒకరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్.

ఆ తరువాత పుట్టస్వామి కేసు. జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆధార్ మీద 2012లో కేసు వేసినారు. గోప్యత ప్రాథమిక హక్కే కాదు అని ప్రభుత్వం వాదించింది, 1954 నాటి ఎం.పి. శర్మ తీర్పును, ఖరక్ సింగ్ తీర్పును చూపించింది. దాంతో తొమ్మిదిమంది జడ్జీలు కూర్చోవాల్సి వచ్చింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమందీ ఒకే మాట చెప్పినారు: గోప్యత ప్రాథమిక హక్కు. ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు గారు చెప్పిందే సరి అని ఒప్పుకున్నారు. ఆ తొమ్మిదిమందిలో చలమేశ్వర్ గారూ ఉన్నారు. ఇద్దరి మాట దేశం మాట కావడానికి 55 ఏళ్ళు పట్టింది. సుబ్బారావు గారు 1976లోనే, ఎమర్జెన్సీ నడుస్తుండగా, పోయినారు.

సరే, ఇంతకూ దీనికీ వాట్సాపుకూ ఏమిటి సంబంధం?

బీగం సంగతి చెప్పాలి. తాళాన్ని మా ఇంట్లో బీగం అంటాం. వెనకటికి రహస్యంగా రాసుకోవాలంటే ఇద్దరి దగ్గరా ఒకే బీగంచెవి ఉండాలి. ఆ చెవి పంపేటప్పుడే ఎవడో దొంగిలిస్తే అంతే సంగతులు. 1976లో డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు అమెరికన్లు దీనికి దారి చెప్పినారు. నేను ఇలా అర్థం చేసుకున్నాను: నేను తెరిచిన బీగాలు అందరికీ పంచుతాను, చెవి మాత్రం నా దగ్గరే పెట్టుకుంటాను. నాకు ఏమైనా పంపాలంటే పెట్టెలో పెట్టి నా బీగం నొక్కేస్తే చాలు. మళ్ళీ వేసినవాడు కూడా తీయలేడు. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాపులో అన్ని సందేశాలూ ఇలాంటి లెక్కతోనే పోతున్నాయి. మధ్యలో ఉన్న కంపెనీ కూడా చదవలేదు.

మేము బస్సులో రహస్యాలు తెలుగులో మాట్లాడుకుంటాం. అది బీగం కాదు, ఉత్త తెర. గుడియాత్తంలో తెలుగు అర్థంకాని మనిషి ఎంతమంది ఉంటారు? ఎన్నిసార్లు పట్టుబడినామో మాకే తెలుసు.

బీగం ఎంత గట్టిదైనా రెండు చివర్లా మనుషులే ఉంటారు. 1806లో వేలూరు కోటలో సిపాయిలు తిరగబడాలని రహస్యంగా అనుకున్నప్పుడు, ముస్తఫా బేగ్ అనే సిపాయి తానే పోయి తెల్లదొరకు చెప్పేసినాడు. దొర నమ్మలేదు, అతన్ని పిచ్చివాడన్నారు. జూలై 10న తిరుగుబాటు జరిగిపోయింది. ఆ రహస్యం దారిలో దొరకలేదు, లోపలి మనిషి నోట బయటపడింది. ఇప్పుడు కూడా సందేశం అందుకున్నవాడు ఫోను చూపిస్తే పోలీసులు చదవచ్చు, అతనికి ఎవరు పంపినారో అక్కడినుంచి అడుక్కుంటూ పోవచ్చు. ఆలస్యమవుతుంది, అది నిజమే.

2018 చావుల తరువాత ఈ గొడవ పెద్దదైంది. ఆ జూలైలో వాట్సాపు మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. ఆ పని చేయడానికి ఎవరి సందేశమూ తెరవాల్సిన అవసరం రాలేదు. మద్రాసు హైకోర్టులో ఒక కేసు నడిచింది. మొదట పంపినవాడి వివరం సందేశానికే తగిలించవచ్చని ఐఐటీ మద్రాసు ప్రొఫెసర్ కామకోటి సూచించినారు. అది కుదరదని ఐఐటీ బొంబాయి ప్రొఫెసర్ మనోజ్ ప్రభాకరన్ ఎదురు చెప్పినారు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం కొత్త నియమాలు తెచ్చింది. 50 లక్షలకు మించి వాడకందార్లున్న మెసేజింగ్ కంపెనీలు, అడిగినప్పుడు మొదట పంపినవాడెవరో చెప్పాలి. దేశ భద్రత, ప్రజాశాంతి, లైంగిక నేరాలు లాంటి పెద్ద నేరాలకే అడుగుతాం, అందులో ఏమి రాసిందో చెప్పనక్కరలేదు అని ప్రభుత్వం మాట. వాట్సాపు ఢిల్లీ హైకోర్టుకు పోయింది. బీగం పగలగొట్టమంటే ఈ దేశంలో ఉండలేం అని 2024లో దాని వకీలు కోర్టులోనే చెప్పినారు. లాభంకోసం వ్యాపారం చేసే కంపెనీ మన హక్కుల గురించి మాట్లాడుతుంటే నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాదు. అయినా దాని వాదంలో ఒక ముక్క నన్ను వదల్లేదు. రేపు ఏ సందేశం పుకారుగా మారుతుందో ఈరోజు ఎవరికీ తెలియదు. అందుకని కోట్లమంది పంపే ప్రతి సందేశానికీ ముందే ఒక గుర్తు వేసి పెట్టుకోవాలి. ఖరక్ సింగ్ మీద అనుమానం ఉంది కాబట్టి షీటు తెరిచినారు. ఇక్కడ మా అవ్వ పంపే "టిఫిన్ తిన్నావా" కూడా షీటులో చేరుతుంది.

తప్పు చేయనివాడికి భయమెందుకు అని నేను ఆరోజు అన్నాను. కోర్టు దృష్టిలో ఖరక్ సింగ్ కూడా తప్పు చేసినవాడు కాదు. ఆ మాట నేను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. కానీ గుడియాత్తం దగ్గర చచ్చిపోయిన ఆ మనిషి సంగతి నేను దాటేసి పోలేను. ఎవరో ఒకడు మొదట ఆ ఆడియో మాట్లాడినాడు. ఆ మనిషి హిందీ మాట్లాడినాడు కాబట్టి అనుమానం వచ్చింది. మన ఇళ్ళలో మాట్లాడే భాష కూడా ఈ రాష్ట్రంలో ప్రతి ఊళ్ళో అర్థమయ్యేది కాదు. అతని తరఫున మాట్లాడేవాడు కూడా ఆ చర్చలో ఉండాలి.

ఈ వ్యాసం రాస్తూ ఉంటే మా నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏమి రాస్తున్నావు అంటే చదివి వినిపించినాను. చాలాసేపు ఏమీ అనలేదు.

"ఆ ఆడియో నేను కూడా పంపినాను రా," అన్నాడు. "మన చుట్టాల గ్రూపులో. మీరు చిన్నపిల్లలు కదా అని."

నీకు ఎవరు పంపినారు అని అడిగినాను. గుర్తుంది అన్నాడు. పేరు మాత్రం చెప్పలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.