నూట పదిహేడో గడి

2008 నాటికి మూలకాల పట్టికలో 116వ గడి నిండింది, 118 కూడా నిండింది. నడుమ 117 మాత్రం ఊడిన పన్ను చోటులా బోసిగా ఉండిపోయింది.

యురేనియం అంటే 92. దాన్ని దాటిన మూలకాలు నేలలో తవ్వుకుంటే దొరికేవి కావు, చేసుకోవాల్సిందే. 1940లో శాస్త్రవేత్తలు మెక్‌మిలన్, ఏబెల్సన్ నెప్ట్యూనియంతో ఆ పని మొదలుపెట్టారు. పైకి పోయేకొద్దీ రెండు కేంద్రకాలను ఢీకొట్టి అతికించడమే దారైంది. గడి అంకె అంటే ప్రోటాన్ల సంఖ్యే కాబట్టి, లెక్క చూస్తే పిల్లల కూడికే. రష్యాలోని దుబ్నాలో యూరీ ఒగనెస్యాన్ బృందం 20 ప్రోటాన్ల కాల్షియంను 96 ప్రోటాన్ల క్యూరియం మీదికి విసిరి 116ను సాధించింది. 98 ఉన్న కాలిఫోర్నియం మీదికి విసిరితే 118 వచ్చింది. 117 కావాలంటే 97 ఉన్న బెర్కీలియం కావాలి. అదెక్కడ దొరుకుతుంది?

అమెరికాలో టెనెసీ రాష్ట్రపు ఓక్ రిడ్జ్ రియాక్టర్‌లో కాలిఫోర్నియం తయారవుతుంటే, పక్కన పిసరంత బెర్కీలియం కూడా పుడుతుంది. దానికోసమే రియాక్టర్ నడపాలంటే ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? అందుకే వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జో హామిల్టన్ అక్కడికి మళ్లీ మళ్లీ ఫోన్ చేసి, కాలిఫోర్నియంకు ఆర్డర్ వచ్చిందా అని అడుగుతూ వచ్చారు. అదే యూనివర్సిటీలో ఆయనతో ఏళ్ల తరబడి కేంద్రకాల మీద పనిచేసిన మనిషి ఆకునూరి రామయ్య, మన తెలుగువాడు. చివరికి 2008లో ఆ ఆర్డర్ వచ్చింది.

రియాక్టర్‌లో 250 రోజులు, శుద్ధి చేయడానికి మరో 90 రోజులు. అంతా అయ్యాక చేతికొచ్చింది 22 మిల్లీగ్రాములు! కరీంనగర్‌లో వెండి తీగ అల్లేవాళ్ల తాతలు తూకానికి వాడిన గురిగింజ ఉంది చూశారా, దాని బరువులో ఐదో వంతు కూడా కాదు. పైగా బెర్కీలియం ఆగదు. ఏడాది తిరగకముందే సగం కరిగిపోతుంది.

ఇక్కడే అసలు తిప్పలు. సీసపు పెట్టెల్లో పెట్టి విమానమెక్కించారు. కాగితాలు సరిగ్గా లేవని రష్యా కస్టమ్స్ వెనక్కి పంపింది. సరిచేసి పంపితే మళ్లీ అదే మాట. అణువిజ్ఞానమంతా ఒక ఎత్తు, ఆఫీసు కాగితం ఒక ఎత్తు! అలా అట్లాంటిక్‌ను ఐదుసార్లు దాటాక గానీ ఆ పెట్టెలు చేరలేదు. ఆలోపు లోపలి సరుకు కరుగుతూనే ఉంది.

రష్యాలోని దిమిత్రోవ్‌గ్రాద్‌లో ఆ బెర్కీలియాన్ని పలుచటి టైటానియం రేకుల మీద పూతగా వేసి దుబ్నాకు పంపారు. 2009 జూలై చివర్లో కాల్షియం జల్లు మొదలైంది. 150 రోజులు, రాత్రీ పగలూ అదే పని. కోట్లకు కోట్ల కేంద్రకాలు ఊరికే దూసుకుపోయాయి. దొరికిన 117 పరమాణువులు ఆరంటే ఆరు. కన్ను మూసి తెరిచేలోపే అవీ విచ్ఛిన్నమయ్యాయి. ఒకదాని వెంట ఒకటి విడిచిన ఆల్ఫా కణాల జాడను బట్టే అవి పుట్టాయని తెలిసింది.

2010లో వచ్చిన పరిశోధన పత్రంలో ముప్పైకి పైగా పేర్లున్నాయి. రష్యన్, అమెరికన్ పేర్ల నడుమ ‘ఎ.వి. రామయ్య’ కనిపిస్తుంది. ఆ గడికి టెనెసిన్ అని పేరు ఖాయమైంది 2016లో. అంతకు ముందు అచ్చైన పట్టిక ఏ బడి గోడకైనా ఇంకా వేలాడుతుంటే, అక్కడ దాని పేరు ఉనున్‌సెప్టియం.