మన మూసీ చెప్పే పాఠం

వాతావరణ మార్పు అనగానే పిల్లల పుస్తకాల్లో కరిగే మంచు, దాని మీద ఒంటరి తెల్ల ఎలుగుబంటి. మా అమ్మాయి ఆ బొమ్మ చూసి, "అక్కడ మంచు కరిగితే మనకేంటమ్మా?" అంది. కార్వాన్ పిల్లకు జవాబు అంత దూరం వెళ్లి వెతకక్కర్లేదు. మూసీ ఒడ్డునే ఉంది.

గోల్కొండకు వచ్చే వ్యాపారుల బిడారులు ఆగిన చోటు కాబట్టే మన పేటకు ఈ పేరు. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన పురానాపూల్ పక్కనే ఉంది. ఆ వంతెన కింద ఇప్పుడు నల్లగా పారే నీరు 1908 సెప్టెంబరు 28న ఊరి మీద పడింది. సుమారు 15 వేల మంది చనిపోయారంటారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఇప్పటికీ ఉంది.

తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఊరికి ఎగువన 788 చెరువులుంటే, వాటిలో 221 తెగాయని ఆయన లెక్క తేల్చారు. వరదను ఎగువనే ఆపాలన్నారు. అలా 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ముంచిన నీళ్లే తాగునీళ్లయ్యాయి.

ఆ వరద భూతాపం వల్ల వచ్చిందని పిల్లలకు చెప్పకూడదు. చెప్పాల్సింది వేరే ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. అందుకే కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. 2020 అక్టోబరు వానలు మన పిల్లలే చూశారు. నీళ్లు నిలిచే చెరువుల్ని పూడ్చి ఇళ్లు కడితే, నాలాల్లో పాలిథిన్ సంచులు పడేస్తే, ఆ కుండపోత ఎటు పోవాలి?

ఆదివారం పిల్లల్ని పురానాపూల్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆ చింతచెట్టు చూపించండి. మన వీధిలో పడ్డ వాన ఏ నాలాలోంచి మూసీలో కలుస్తుందో వాళ్లనే కనిపెట్టమనండి. మా అమ్మాయి నోటుపుస్తకంలో పటం గీసింది. నాలాకు అడ్డంగా చెత్త పడి ఉన్న రెండు చోట్ల ఎర్ర చుక్కలు పెట్టి, "ఇవి ఎవరికి చెప్పాలమ్మా?" అని అడిగింది. వార్డు ఆఫీసుకు ఇద్దరం కలిసే వెళ్తున్నాం.