మినీ బస్ డ్రైవర్‌కి ఏ లైసెన్స్ కావాలి? 7,500 కిలోల వెనక ముప్పై ఏళ్ల గొడవ

ఇంటిల్లిపాదీ తిరుపతికో శ్రీశైలానికో వెళ్లాలంటే ముందు టెంపో ట్రావెలర్ మాట్లాడుకుంటాం. ఏసీ పనిచేస్తుందా, కిలోమీటరుకి ఎంత, డ్రైవర్ బత్తా ఎంత, అన్నీ అడుగుతాం. "అన్నా, మీ లైసెన్స్ మీద ఏ క్లాస్ రాసుంది?" అని మాత్రం ఎవరం అడగం. ఆ ప్రశ్నకి జవాబు తేల్చడానికి 2024లో సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జిలు కూర్చోవాల్సి వచ్చింది. అంతవరకు ఎందుకు వెళ్లిందో ఈరోజు చూద్దాం.

దేశం మొత్తానికి కలిపి మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. దాన్ని పక్కన పెట్టి 1939లో ఇంకో పెద్ద చట్టం తెచ్చారు. అందులో థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసే భాగం 1946 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన కథ నిజానికి అక్కడ మొదలవుతుంది. ఎందుకంటే బండి తగిలి ఎవరికైనా ఏమైనా అయితే ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు కట్టాలి. కానీ కంపెనీ తప్పించుకోవడానికి చట్టం ఒక దారి ఉంచింది: డ్రైవర్‌కి సరైన లైసెన్స్ లేదని నిరూపించడం. అంటే లైసెన్స్ చెకింగ్‌లో చూపించే కాగితంతో అయిపోలేదు, చనిపోయినవాళ్ల ఇంటికి డబ్బు ఎవరు కట్టాలో కూడా అదే తేల్చేది అయింది.

ఇక ఇప్పటి చట్టం 1988ది. 1989 జూలై 1 నుంచి అమల్లో ఉంది. మొదట్లో లెక్క బానే ఉండేది. 6,000 కిలోల లోపు బస్సు లైట్, 12,000 దాటితే హెవీ, మధ్యలోది మీడియం. మీడియంకీ హెవీకీ మళ్లీ సరుకు బండి వేరు, ప్యాసింజర్ బండి వేరు. 1994లో సవరణ చేశారు. లైట్ పరిమితిని 7,500 కిలోలకి పెంచారు. లైసెన్స్ క్లాసుల్లో మీడియం, హెవీ పేర్లతో ఉన్న నాలుగింటినీ తీసేసి, "ట్రాన్స్‌పోర్ట్ వాహనం" అని ఒకే మాట పెట్టారు.

చిక్కు అక్కడే. లైట్ మోటార్ వెహికల్ నిర్వచనంలో 7,500 లోపు ట్రాన్స్‌పోర్ట్ వాహనం కూడా ఉంది, బస్సు కూడా ఉంది. లైసెన్స్ క్లాసుల దగ్గరికొస్తేనేమో లైట్ వేరు, ట్రాన్స్‌పోర్ట్ వేరు. నేను కోడ్ రాసే రోజుల్లో ఇలాంటివి చూశాను. ఒకే పేరుకి రెండు ఫైళ్లలో రెండు అర్థాలుంటాయి, రెండూ విడివిడిగా కరెక్టే, కలిపి నడిపితే ఎర్రర్. ఇక్కడ ఆ ఎర్రర్ యాక్సిడెంట్ కేసుల్లో బయటపడింది.

ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ కావాలంటే ఖర్చూ తిరుగుడూ ఎక్కువ. ముందు లైట్ లైసెన్స్ తీసుకుని ఏడాది ఆగాలి. వయసు ఇరవై నిండాలి. మామూలు లైసెన్స్ ఏళ్ల తరబడి చెల్లితే, ఇది మూడేళ్లకే అయిపోయేది. 2019 సవరణ తర్వాత ఐదేళ్లు అయింది. ఎనిమిదో తరగతి పాసై ఉండాలనే రూల్ కూడా కొన్నాళ్లు ఉండేది. మేవాత్ ప్రాంతంలో బండి నడపడం బాగా వచ్చినా చదువు లేనివాళ్లు చాలామంది ఉన్నారని హర్యానా ప్రభుత్వం అడిగాక, 2019లో దాన్ని ఎత్తేశారు. ఎత్తేయడం సరైన పనే అని నా అభిప్రాయం. బోర్డులు చదవడం రావాలి నిజమే, కానీ ఎనిమిదో తరగతి సర్టిఫికెట్‌కి క్లచ్‌తో ఏం సంబంధం?

ఇప్పుడు ఒక బండి ఓనర్‌ని ఊహించుకోండి. ఉన్నది ఒకే మినీ వ్యాన్, అదీ ఫైనాన్స్‌లో తీసుకున్నది. ప్రీమియం టైముకి కడుతున్నాడు. ఒకరోజు యాక్సిడెంట్ అయింది. "డ్రైవర్‌ది లైట్ లైసెన్సే, దాని మీద ట్రాన్స్‌పోర్ట్ అని లేదు" అని కంపెనీ లాయర్ ట్రిబ్యునల్‌లో నిలబడతాడు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు బాధితుల వైపు చూసి, ఇలాంటి సందర్భాల్లో కంపెనీ ముందు కట్టి తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకునే దారి చూపించింది. బాధితుల ఇంటికి మేలే. ఓనర్‌కి మాత్రం లక్షల అప్పు నెత్తిన పడ్డట్టే.

కోర్టులు కూడా ఒక్క మాట మీద లేవు. 1999లో ఒక తీర్పు డ్రైవర్ వైపు వచ్చింది, ఆ తర్వాత ఇంకో బెంచ్ కంపెనీ వైపు చెప్పింది. 2017 జూలైలో ముకుంద్ దేవాంగన్ కేసులో ముగ్గురు జడ్జిలు, 7,500 కిలోల లోపు అయితే లైట్ లైసెన్స్ చాలు, వేరే ఎండార్స్‌మెంట్ అక్కర్లేదు అన్నారు. 2018 ఏప్రిల్‌లో కేంద్రం కూడా ఆ ప్రకారమే రాష్ట్రాలకి రాసింది. ఇన్సూరెన్స్ కంపెనీలు వదల్లేదు, 2022లో విషయం మళ్లీ పెద్ద బెంచ్‌కి వెళ్లింది. చివరికి 2024 నవంబర్ 6న రాజ్యాంగ ధర్మాసనం 2017 నాటి మాటనే నిలబెట్టింది. ట్రాన్స్‌పోర్ట్‌కి పెట్టిన అదనపు షరతులు 7,500 దాటిన బండ్లకే అంది. లైట్ లైసెన్స్‌తో ఇలాంటి బండ్లు నడపడం వల్లే యాక్సిడెంట్లు పెరిగాయని చూపించే డేటా ఏదీ తమ ముందు పెట్టలేదని కూడా చెప్పింది.

డ్రైవర్ల బతుకుతెరువు వైపు నుంచి చూస్తే ఈ తీర్పు నాకు నచ్చింది. కానీ ట్రైనింగ్ సంగతి? 2021లో అక్రెడిటెడ్ ట్రైనింగ్ సెంటర్ల రూల్స్ వచ్చాయి. అందులో లైట్ కోర్సు 29 గంటలు, మీడియం, హెవీ కోర్సు 38 గంటలు. అక్కడా గీత బరువు దగ్గరే గీశారు, వెనక కూర్చున్న మనుషుల లెక్క లేదు. కారుకి నేర్చుకున్న చేత్తోనే పదిహేను మంది ఉన్న బండి తిప్పాలి. పొడవాటి బండి మలుపులో వెనక చక్రం ఎక్కడికి వస్తుందో, జనం నిండాక బ్రేక్ ఎంత దూరం తీసుకుంటుందో, దిగేవాళ్లు పూర్తిగా దిగారో లేదో అద్దంలో చూడటం, ఇవన్నీ సీనియర్ పక్కన కూర్చుని నేర్చుకుంటేనే. అలాంటి సీనియర్ దొరకనివాడు రోడ్డు మీద, మనల్ని ఎక్కించుకుని నేర్చుకుంటాడు.

ఈసారి బండి మాట్లాడేటప్పుడు ఆర్‌సీ అడిగి చూడండి. అందులో రెండు బరువులుంటాయి, ఖాళీ బండిది ఒకటి, మనుషులతో సామానుతో కలిపి మొత్తం బరువు ఇంకొకటి. కారుకీ ట్రాక్టర్‌కీ ఖాళీ బరువు చూస్తారు. బస్సుకి మాత్రం మొత్తం బరువే లెక్క. అది 7,500 దాటిందంటే డ్రైవర్ లైసెన్స్ మీద ట్రాన్స్‌పోర్ట్ అని ఉండి తీరాలి.