రాయి చూపించినోడికి తల

పండుగప్పంటే మీకు చెరువు చేపేరా, నాకు తెలుసు. బజార్లో ఐసు మీద వరసగా పడుకోబెట్టిన పండుగప్పలు చాలామట్టుకు కృష్ణా వైపు నుంచో గోదావరి వైపు నుంచో వచ్చినవే. తప్పేం లేదు. 1997లో చెన్నైలో ఉన్న ఉప్పునీటి చేపల పరిశోధన సంస్థ వాళ్లు దీనిచేత హేచరీలో గుడ్లు పెట్టించారు. మన దేశంలో అదే మొదలు. నేను చెప్పేది అంతకు ముందరి మాట. ఇటు భీమిలి నుంచి అటు మంగమారిపేట దాకా ఒడ్డున తేలిన రాళ్ల మీద నిలబడి, చేత్తో గేలం విసిరి పండుగప్పని పట్టిన కాలం మాట. మంట దగ్గరికి జరగండి, చెప్తాను. మధ్యలో ఫోన్లు చూస్తే మాత్రం ఆపీస్తాను.

తెప్ప ఉన్నోళ్లు తెల్లారకుండా లోపలికి పోయి కవళ్లూ కానాగంతలూ తెచ్చీవోళ్లు. మాకు తెప్ప లేదు. పెద్దవల లాగినప్పుడు చెయ్యేసి వాటా తెచ్చుకోడం, మిగతా రోజుల్లో రాళ్ల మీద గేలం. ఇదీ మా అయ్య బతుకు. అంటే మీ ముత్తాతరా.

రాళ్లే ఎందుకంటావేటి అమ్మడూ? ఇసకలో ఎవడైనా వల లాగుతాడు. రాళ్లలో వేస్తే వల పేలికలైపోతాది. వలోడు రాడు కాబట్టే చేప అక్కడుంటాది. పైగా రాళ్లకి గుల్లలు పడతాయి, గుల్లల సందుల్లో పీతలూ రొయ్యలూ చేరతాయి, రాళ్ల మీది నాచు కోసం కొయ్యింగ చేపపిల్లలొస్తాయి, వీటన్నిటికోసం పెద్దదొస్తాది. పండుగప్ప తరిమి తినే రకం కాదు, కాపుగాసి తినే రకం. అల కొట్టి వెనక్కి పోయేటప్పుడు రాతి పక్కన నీళ్లు సుడి తిరుగుతాయి చూడు, ఆ సుడి అంచున కదలకుండా ఉంటాది. కొట్టుకొచ్చినదాన్ని నోరు తెరిచి ఒక్కసారే పీల్చీస్తాది. గాలి పడిపోయిన రాత్రుళ్లు ఆ ‘గుబుక్’ మన్న చప్పుడు ఒడ్డుకి వినిపించీది.

మా అయ్య నా చేతికి వెంటనే గేలం ఇచ్చాడనుకున్నారా? ముందు రాళ్ల మీద నడిపించాడు, అదీ ఆటు వేళ. నీళ్లు నిండినప్పుడు పైకి అంతా ఒకటే సముద్రం. అడుగున ఏముందో నీళ్లు దిగినప్పుడే చూసుకోవాలి. ఏ రాతికీ ఏ రాతికీ మధ్య గండి ఉంది, గండిలో ఇసక ఉందా గుల్లలున్నాయా, గేలం ఎక్కడ పడితే తిరిగొస్తాది, ఎక్కడ పడితే రాదు, ఇవన్నీ కాళ్లతో నేర్చుకోవాలి. నాలుగు రోజులు నడిచాక పేర్లు పెట్టమనీవాడు. పేరు పెట్టిన రాయిని మర్చిపోలేం కదా. ముసలిరాయి, జంటరాళ్లు, కుంటోడి గండి, ఇవన్నీ మా ఇంట్లో పెట్టుకున్న పేర్లే. పక్కింటోళ్లకి వేరే పేర్లుండీవి. ఒకరి పేర్లు ఒకరికి చెప్పుకునేవాళ్లం కాదు.

ఆటు ఎప్పుడొస్తాదో తెలియడానికి అప్పుడు మాకు పంచాంగమే దిక్కు. పున్నమికీ అమావాస్యకీ మన ఒడ్డున పోటు పొద్దున్న ఎనిమిదీ తొమ్మిదీ మధ్య నిండుతాది, రాత్రి మళ్లీ అదే వేళకి. మధ్యాహ్నం రెండు మూడింటికి నీళ్లు బాగా దిగిపోతాయి. అక్కణ్నుంచి తిథికి రెండు గడియలు ఆలస్యం వేసుకుంటూ పోవాలి. గడియంటే ఇరవై నాలుగు నిమిషాలు. అంటే పోటు రోజుకి ముప్పావుగంట పైచిలుకు వెనకబడతాది. పదిహేను తిథులు తిరిగేసరికి లెక్క మళ్లీ మొదటికే. విదియకెప్పుడు, పంచమికెప్పుడు అని అడిగితే మా అయ్య వేళ్లు మడిచి చెప్పీసీవాడు. మనది మరీ ఎత్తు పోటు కాదు. పున్నమినాడైనా పోటుకీ ఆటుకీ తేడా నిలువున ఐదడుగులకి అటూ ఇటూ. కానీ ఆ ఐదడుగులే రాళ్లలో సగం చూపిస్తాయి, సగం దాచీస్తాయి. అష్టమికి నీళ్లు బద్ధకంగా కదులుతాయి, ఆ రోజుల్లో మేం ఇంట్లోనే ఉండి తాళ్లు బాగుచేసుకునేవాళ్లం. పున్నమి మధ్యాహ్నం రాళ్లు చూసుకుని, ఇంటికొచ్చి గంజి తాగి, పొద్దుగూకే వేళకి మళ్లీ ఎక్కడం. ఎక్కే నీళ్లతో పాటే చేప రాళ్లలోకి వస్తాది.

ఇక తాడు. మా చిన్నప్పుడు నూలు తాడే. పురి గట్టిగా పెట్టి, తుమ్మ బెరడు ఉడకబెట్టిన నీళ్లలో నానేసి, నీడన ఆరబెట్టీవోళ్లు. అప్పుడది ఉప్పునీటికి బేగి కుళ్లదు. తర్వాత నైలాను వచ్చింది, ఆ చాకిరీ తప్పింది. కానీ గుల్ల అంచుకి తగిలితే నూలైనా నైలానైనా తెగాల్సిందే. అందుకే తాడు కింద పెట్టీవాళ్లం కాదు. తట్టలో చుట్టలు చుట్టలుగా పేర్చి, తట్టని రాతి గూట్లో నిలిపి, చివర తలమీద రెండు తిప్పులు తిప్పి వదిలీవాళ్లం.

అసలు కిటుకు బరువు కట్టడంలో ఉంది. బుల్లోడా, నీకు చెప్తున్నాను, ఇటు చూడు. తాడు చివర గేలం. గేలానికి జానెడు పైన ఒక ముడి. ఆ ముడి నుంచి బెత్తెడు పురికొస, పురికొసకి రాయి. సీసపు గుండుకి డబ్బులెక్కడివి? గోస్తని ఏటి ఒడ్డున నడుము సన్నంగా ఉన్న గులకరాళ్లు ఏరుకొచ్చీవాళ్లం. పురికొస మాత్రం పాతదే కావాలి, సగం చివికింది. కొత్తది కడితే మా అయ్య తెంపి పారేసీవాడు. రాళ్ల సందులో ఎప్పుడూ ఇరుక్కునేది బరువే. గట్టిగా లాగినప్పుడు తెగాల్సింది కూడా దాని కట్టే. రాయి పోతే పోయింది, గేలం, తాడు, దాన్ని పట్టిన చేప మనకి దక్కుతాయి. “రాళ్లకి కట్టాల్సిన శిస్తు నువ్వే ముందు తీసి పక్కన పెట్టు, లేదంటే మొత్తం జప్తు చేసుకుంటాయి” అనీవాడు. ఇప్పుడు కుర్రాళ్లు రాడ్లూ రీళ్లూ ప్లాస్టిక్ చేపలూ పట్టుకొస్తున్నారు. బాగా దూరం విసురుతున్నారు కూడా. ఆటుకి పోయి చూస్తే ఆ రంగు రంగు చేపలన్నీ సందుల్లో వేలాడుతుంటాయి. ఒక్కోటీ ఎంతో ఖరీదట!

ఎరకి బతికున్న కొయ్యింగ పిల్ల. వీపు తోలుకి మాత్రమే గుచ్చాలి, లోతుకి దిగకూడదు. తాడు చూపుడువేలి మీద ఆనించుకుని కూర్చోవాలి. పిల్ల ఈదుతున్నంతసేపూ వేలి మీద సన్నగా కదలిక ఉంటాది. పండుగప్ప దగ్గరికొస్తే ఆ పిల్ల ముందు కంగారు పడతాది, వేలి మీద గబగబా కొట్టుకుంటాది. తర్వాత ఒక్క క్షణం ఏమీ ఉండదు. అప్పుడు లాగకూడదు. మింగి మళ్లుకున్నాక తాడు దానంతటదే బిగుస్తాది, అప్పుడు లేచి నిలబడాలి.

ఇక ఎగురుతాది చూడు! నీళ్లమీదికొచ్చి తల విదిలిస్తాది. లాంతరు వెలుగు పడితే కళ్లు ఎర్రగా మెరుస్తాయి. దాని మొప్ప మూత అంచు బ్లేడులాగ ఉంటాది, తాడు దానికి రాసుకుందా, అంతే సంగతులు. చెయ్యి పెట్టినా అంతే. నా బొటనవేలు దగ్గర ఈ గీత అదే. అందుకే తాడు వదులివ్వకూడదు, అలాగని మణికట్టుకి చుట్టుకోనూ కూడదు. తాడు పోతే ఇంకోటి పేనుకోవచ్చు. అల వెనక్కి పోయేటప్పుడు లాగితే చేప బరువుకి నీటి బరువు తోడౌతాది. అల వచ్చేటప్పుడు దానితోపాటే చేపని పైకెక్కించి, నీళ్లు దిగిపోయేలోపు రాతి గుంటలో పడెయ్యాలి.

రాతిబొంత చేప పడితే ఆట వేరు. అది ఎగరదు, సందులోకి దూరి మొప్పలు విప్పుకుని బిగుసుకుంటాది. ఎంత లాగితే అంత బిగుస్తాది. అప్పుడు తాడు పూర్తిగా వదిలేసి, ఒక బీడీ కాల్చినంతసేపు కూర్చోవాలి. లాగేవాడు పోయాడనుకుని మెల్లగా తల బయటపెడతాది. మొండివాడితో పని పడ్డప్పుడల్లా మా అమ్మ ఇదే గుర్తు చేసీది, “తాడు ఒగ్గీరా కాసేపు” అని.

ఇదంతా విని రేపే ఎక్కీగలరు మీరు! ఆగండి. రాతి మీద కాలు పెట్టే ముందు ఒడ్డున కూర్చుని సముద్రాన్ని బాగా చూడాలి. అన్ని అలలూ ఒక్కటి కావు. పదో పదిహేనో చిన్నవి వచ్చాక రెండు మూడు పెద్దవి వరసగా వస్తాయి. మీరు నిలబడదామనుకున్న రాయి ఎండలో కూడా తడిగా ఉందంటే, ఇప్పుడు రాకపోయినా అక్కడికి అల వస్తాదన్నమాటే. పొడిగా ఉన్న రాయే మనది. మా చిన్న మావ ఒకసారి తడి రాతి మీద వీపు సముద్రానికి పెట్టి ఎర గుచ్చుతున్నాడు. అల ఎత్తి గండిలో పడేసింది. ఇంకో అల తెచ్చి గుల్లల మీద ఈడ్చింది. ప్రాణం దక్కింది గానీ వీపంతా చీరుకుపోయి నెలరోజులు బోర్లా పడుకున్నాడు. పచ్చ నాచున్న చోట అడుగెయ్యకండి. ఒక్కరే పోకండి. సముద్రానికి ఎప్పుడూ వీపు పెట్టకండి.

ఏడాది పొడుగునా పండుగప్ప ఒక్కలా పడేది కాదు. బొర్రా గుహల దగ్గర పుట్టి వచ్చే గోస్తని మన భీమిలి దగ్గరే కదా సముద్రంలో కలిసేది. వానలకి ఏట్లో ఎర్రనీళ్లు దిగితే, ఆ ఎర్రనీళ్లూ నీలం నీళ్లూ కలిసే గీత సముద్రంలో కనిపించీది. చిన్న చేపలు ఆ గీత వెంట కొట్టుకొచ్చీవి, పండుగప్ప రాళ్ల దగ్గర కాసుకునీది. దీని బతుకే ఏటికీ సముద్రానికీ మధ్య. గుడ్లు ఉప్పునీళ్లలో పెడతాది, పిల్లలు ఏటి మొగల్లోకీ పరకయ్యల్లోకీ ఎక్కి పెరుగుతాయి. ఇంకో వింత. పుట్టినప్పుడు దాదాపు అన్నీ మగవే, బాగా ఎదిగాక ఆడవౌతాయి. మా అయ్యకి ఈ శాస్త్రం తెలీదు గానీ, “పెద్దదాని పొట్ట కోస్తే గుడ్లే ఉంటాయిరా, ఎందుకో” అనీవాడు. 

మన వాళ్లకి తెలిసినవి పుస్తకాల్లోకి ఎక్కడం కొత్తేం కాదు. పాట్రిక్ రసెల్ అని కంపెనీ కాలంలో ఒక దొర వైద్యుడు విశాఖపట్నంలో ఉండి, ఇక్కడి చేపలు రెండొందలకి బొమ్మలు గీయించి 1803లో లండన్‌లో అచ్చేయించాడు. పేర్లు మన ఒడ్డున అడిగి రాసుకున్నవే, రాతిబొంత కూడా ఉందందులో. పాముల మీదా రాశాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడా రాళ్లు అలాగే ఉన్నాయా అంటే, కొన్ని ఉన్నాయి. 1960ల్లో గోస్తని మీద తాటిపూడి జలాశయం కట్టారు, పొలాలకీ పట్నానికీ నీళ్లు కావాలి కదా. ఎర్రనీళ్ల రోజులు తగ్గాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఒక్క రోజులో ఇసకంతా ఇటుదటు చేసీసింది. కుంటోడి గండి పూడిపోయింది, ఎన్నడూ చూడని రాళ్లు నాలుగు పైకి తేలాయి. పాడైపోయిందని అందరూ అంటే నేను ఊరుకున్నాను. రాళ్ల నేల పోదు, చోటు మారుతాది. అంతెందుకు, విశాఖ రేవు కట్టినప్పుడు రెండు పాత ఓడల్ని రాళ్లతో నింపి అలలకి అడ్డంగా ముంచారు. రేవు 1933లో తెరిచారు. ఓడ మునిగినా, రాయి తేలినా చేపకి కావాల్సింది దాక్కునే చాటే. ఎక్కడ చాటుందో మనకి తెలియాలి, అంతే. అది కొత్తగా నడిచి తెలుసుకోవాలి.

మా రోజుల్లో వాటాల పద్ధతొకటుండీది. పండుగప్ప పడితే పట్టినోడికి నడిమి ముక్కలు, తోడొచ్చినోడికి తోకవైపు. తల మాత్రం ఆ రాయి మొదట చూపించినోడికి పోవాలి. వాడు ఆ రోజు రాకపోయినా, మంచం మీదున్నా సరే, ఇంటికి పంపాల్సిందే. తలకాయ పులుసు అంటే మా అయ్యకి ప్రాణం. ముసలితనంలో రాళ్లెక్కలేకపోయినా వారానికోసారైనా ఏదో ఇంటి నుంచి తల వచ్చీది. ఆస్తి కూడబెట్టలేదు గానీ, సగం పేటకి రాళ్లు చూపించాడాయన.

పెద్ద తుపాను తేల్చిన నాలుగు రాళ్ల సంగతి నేనింకా ఎవరికీ చెప్పలేదు. ఒకదాని వెనక మంచి గండి ఉంది, అడుగున ఇసక. వచ్చే అమావాస్య మధ్యాహ్నం రెండింటికి చెప్పులూ టోపీలూ వేసుకుని తయారుగా ఉండండి, ముగ్గుర్నీ తీసుకెళ్లి చూపిస్తాను. ఆ రోజు గేలం తేకండి, నడవడానికే. పేరు మీరే పెట్టుకోండి. పట్టడం ఎప్పుడు పట్టినా మీ ఇష్టం, తల మాత్రం నాది.